ఆలస్యంగా పేలిన నవ్వులు

హాల్లో జోకు పేలకపోతే వచ్చే నిశ్శబ్దం మామూలుగా ఉండదు. ఏడుపు సీనులో ప్రేక్షకుడికి ఏడుపు రాకపోయినా చీకట్లో ఎవరికీ తెలీదు. ఫైటు నచ్చకపోతే కాసేపు బయటికెళ్లి టీ తాగొస్తాడు. నవ్వాల్సిన చోట నవ్వు రాకపోతే మాత్రం తీసినవాళ్ల దగ్గర్నుంచి హాలు బయట సమోసాలు అమ్మే అబ్బాయి దాకా అందరికీ సంగతి అర్థమైపోతుంది. వచ్చే శుక్రవారానికి గోడ మీద పోస్టరు మారిపోతుంది.

అలా పోస్టరు మారిపోయిన సినిమాల్లో కొన్ని మాత్రం విచిత్రంగా బతికాయి. వీడియో క్యాసెట్లలో చేతులు మారాయి. దూరదర్శన్‌లో ఓ మధ్యాహ్నం ఎవరో చూశారు. వాళ్లు ఇంకో నలుగురికి చెప్పారు. పదేళ్లు, ఇరవయ్యేళ్లు గడిచాక చూస్తే వాటి డైలాగులు పొల్లుపోకుండా అప్పజెప్పేవాళ్లు ఊరూరా తయారయ్యారు! ఇలాంటివాటినే కల్ట్ కామెడీలంటారు. ఈ ఆదివారం మామూలు నవ్వుల కన్నా కొంచెం తిక్క నవ్వు కావాలనుకునేవాళ్ల కోసం అలాంటివి కొన్ని...

ట్రాకు కాదు, మొత్తం రోడ్డే!

మన సినిమాల్లో హాస్యానికి చాలాకాలం ఓ విడి వాటా ఉండేది. హీరో కథ ఓ పక్క, కామెడీ ట్రాకు ఓ పక్క. ఆ ట్రాకు ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ముగుస్తుందో చూసేవాళ్లకు ఇట్టే తెలిసిపోయేది. అందుకే టీవీవాళ్లు దాన్ని ముక్కలుగా కోసి చూపించినా నవ్వు తగ్గేది కాదు. కోట శ్రీనివాసరావు, బాబూమోహన్ కలిసి కనిపిస్తే చాలు, ముందు కథ ఏమిటో తెలియకపోయినా ఇంటిల్లిపాదీ పొట్ట పట్టుకునేవారు. అదో గొప్ప విద్య. కాదనేవాళ్లెవరు?

కల్ట్ కామెడీలకు ఈ పద్ధతి పనికిరాదు. వాటిలో ముక్క కోసి చూపిస్తే 'ఇందులో నవ్వేదేముందీ' అనిపిస్తుంది. ఎందుకంటే వాటికో సొంత లోకం ఉంటుంది. ఆ లోకానికి కొన్ని తిక్క నియమాలుంటాయి. మొదటి 20 నిమిషాలు సినిమా మనకు ఆ నియమాలు నేర్పుతుంది. అవి వంటబట్టేదాకా ఏ పాత్రా మనకేసి చూసి 'ఇక నవ్వండి' అని సైగ చెయ్యదు. చాలామంది సరిగ్గా ఆ 20 నిమిషాల్లోనే రిమోట్ అందుకుంటారు. విడుదలైన రోజుల్లో హాల్లోంచి లేచిపోయినవాళ్లదీ అదే తొందర.

శవంతో మహాభారతం

ఈ దారిలో అడుగుపెట్టేవాళ్లకు మొదటి మజిలీగా 'జానే భీ దో యారో'ను మించింది లేదు. 1983లో వచ్చిన ఈ హిందీ సినిమా దర్శకుడు కుందన్ షాకు మొదటిది. డబ్బు పెట్టింది ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీ. అయిన ఖర్చు 7 లక్షల రూపాయల లోపే. దీని పుట్టుకలో మన హైదరాబాద్‌కూ వాటా ఉంది. కుందన్ షాతో పాటు పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివిన మిత్రులు ఇద్దరు హైదరాబాద్‌లో ఫొటోల వ్యాపారం పెట్టి పడిన అవస్థల్లోంచే ఈ కథకు బీజం పడింది.

సినిమాలో ఆ ఇద్దరూ ముంబయిలో స్టూడియో తెరిచిన నిరుపేద ఫొటోగ్రాఫర్లు. నసీరుద్దీన్ షా, రవి బాస్వానీ ఆ పాత్రలు వేశారు. అనుకోకుండా వాళ్ల కెమెరాలో ఓ హత్య పడుతుంది. బిల్డర్లు, మున్సిపల్ కమిషనర్, పత్రికా సంపాదకురాలు... అందరి లోగుట్టూ ఒక్కొక్కటే బయటికొస్తుంది. కొత్తగా కట్టిన ఫ్లైఓవర్ కూలిపోతుంది. హత్యకు సాక్ష్యం ఒకే ఒక్కటి, శవం. దాన్ని దక్కించుకోవడానికి మంచివాళ్లూ చెడ్డవాళ్లూ కలిసి పరుగో పరుగు!

ఆ పరుగు నేరుగా వెళ్లి మహాభారతం నాటకం ఆడుతున్న స్టేజీ ఎక్కుతుంది. శవానికి ద్రౌపది వేషం. వస్త్రాపహరణం జరిగితే గుట్టు రట్టవుతుంది కాబట్టి దుర్యోధనుడే ధర్మపన్నాలు వల్లించి ఆ కార్యక్రమం రద్దు చెయ్యాలని చూస్తాడు. ఏం జరుగుతోందో అర్థంకాక ధృతరాష్ట్రుడు అడిగిందే అడుగుతుంటాడు. ఉన్నట్టుండి వేరే నాటకంలోంచి అక్బర్ పాదుషా కూడా ఊడిపడతాడు. పద్యనాటకాలు, సురభి వారి మాయామశ్చీంద్రలు చూసి పెరిగిన తెలుగువాళ్లకు ఈ సీను విడమరచి చెప్పక్కర్లేదు. ఇందులో దుశ్శాసనుడిగా కనిపించేది ఎవరో కాదు, తర్వాతి కాలంలో పెద్ద దర్శక నిర్మాతగా ఎదిగిన విధు వినోద్ చోప్రా. ఆయన ఈ సినిమాకు నిర్మాణ వ్యవహారాలు చూసుకునే మనిషి. మరో నటుణ్ని తెచ్చుకునే స్తోమత లేని సినిమాలో ఎవరి చేతికి పని దొరికితే వాళ్లే చేశారు.

కుందన్ షాకు తొలి చిత్ర దర్శకుడిగా జాతీయ పురస్కారం వచ్చింది. హాళ్లలో మాత్రం పెద్ద సందడి లేదు. ఆయన తీసిన మరో సినిమా 'కభీ హా కభీ నా' తెరమీదికొచ్చేసరికి 1994 వచ్చేసింది. ఈలోగా టీవీ పుణ్యమా అని 'జానే భీ దో యారో' ఇంటింటి సినిమా అయింది. 2012లో ప్రింటును శుభ్రం చేసి మళ్లీ హాళ్లలో విడుదల చేశారు. కుందన్ షా 2017లో కన్నుమూశారు. చూడబోయేవాళ్లకు ఒక్క మాట. రెండు గంటలు పగలబడి నవ్వించిన ఈ సినిమా చివరి నిమిషంలో ఆ నవ్వును గొంతులోనే ఆపేస్తుంది. అదేమిటో ఇక్కడ చెప్పడం అన్యాయం. నలభై ఏళ్లు దాటినా కూలుతున్న వంతెనల వార్తలు చదివినప్పుడల్లా గుర్తొస్తుంది.

మన చంటబ్బాయి, వాళ్ల అమర్, ప్రేమ్

1986 నాటికి చిరంజీవి అంటే డాన్సులు, ఫైట్లు. 'ఖైదీ' వచ్చి మూడేళ్లు. అలాంటి హీరోను తీసుకొచ్చి జంధ్యాల ఓ అమాయక డిటెక్టివ్‌ను చేశారు. పేరు పాండురంగారావు. మల్లాది వెంకట కృష్ణమూర్తి నవల ఆధారంగా తీసిన 'చంటబ్బాయి' అది. ఇందులో హీరో చార్లీ చాప్లిన్ వేషం వేస్తాడు, ఆడవేషం వేస్తాడు, తన తెలివిని తానే మెచ్చుకుంటాడు. తప్పిపోయిన ఓ 'చంటబ్బాయి'ని వెతికే పని నెత్తికెత్తుకుంటాడు. విజిల్స్ వేద్దామని వెళ్లిన అభిమానులు ఎక్కడ వెయ్యాలో తెలియక తికమకపడ్డారు. అప్పట్లో ఆయన మాస్ సినిమాలకు దక్కిన ఆదరణ దీనికి దక్కలేదు.

ఇప్పుడో? తన కవితలతో సంపాదకుణ్ని హడలగొట్టే శ్రీలక్ష్మి సీను తెలియని తెలుగిల్లు అరుదు. చిక్కల్లా ఏమిటంటే, చాలామందికి ఆ ముక్క ఒక్కటే తెలుసు. సినిమా మొత్తం చూసినవాళ్లు అంతమంది ఉండరు. చూడాల్సింది మొత్తమే. ఓ పెద్ద హీరో తన గొప్పతనాన్నంతా పక్కనపెట్టి రెండున్నర గంటలు నవ్వులపాలు కావడానికి సిద్ధపడితే ఎలా ఉంటుందో ముక్కల్లో తెలీదు.

హిందీలో ఇదే తీరు 'అందాజ్ అప్నా అప్నా'ది. దర్శకుడు రాజ్‌కుమార్ సంతోషి. 1994 నవంబరులో వచ్చింది. ఆమిర్‌ఖాన్, సల్మాన్‌ఖాన్ ఇద్దరూ ఉన్నా అనుకున్నంత ఆడలేదు. కథ అల్లాటప్పాది. ఓ మంగలి కొడుకు అమర్, ఓ దర్జీ కొడుకు ప్రేమ్. ఇద్దరూ పని దొంగలే. కోటీశ్వరుడి కూతుర్ని పెళ్లాడి సుఖపడదామని ఇద్దరూ ఒకే బస్సులో ఊటీ బయల్దేరతారు. తీరా ఆ అమ్మాయీ, ఆమె సెక్రటరీ పేర్లు మార్చుకుని తిరుగుతుంటారు. పరేశ్ రావల్ ద్విపాత్రాభినయం, శక్తికపూర్ వేసిన పిల్లచేష్టల విలన్ గోగో... ఎవరూ ఎవరికీ తీసిపోరు. ఈ సినిమాను హాల్లో వదిలేసిన జనమే క్యాసెట్లలో, టీవీలో పట్టుకున్నారు. 2025 ఏప్రిల్లో దీన్ని మళ్లీ హాళ్లలో విడుదల చేశారు. 1994లో పుట్టని కుర్రాళ్లకు కూడా అప్పటికే డైలాగులన్నీ కంఠతా వచ్చు!

చార్మినార్ దగ్గర కబుర్లు

2006లో వచ్చిన 'ది అంగ్రేజ్' కథ వేరు. ఇది ఫ్లాపైన సినిమా కాదు. కానీ ఇలాంటిది ఆడుతుందని ముందుగా ఎవరూ అనుకోలేదు. పెద్ద తారలు లేరు. డబ్బు లేదు. దర్శకుడు కుంట నిఖిల్. భాష పాతబస్తీ దక్కనీ. సినిమాల్లో హైదరాబాదీ యాసను అప్పటిదాకా ఓ పాత్రకో, రెండు జోకులకో వాడుకున్నవాళ్లే ఎక్కువ. ఇక్కడ అదే హీరో.

అమెరికా నుంచి హైదరాబాద్‌కు ఉద్యోగాలకు వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు చార్మినార్ చూడబోయి అక్కడి ఇస్మాయిల్ భాయ్ ముఠాతో గొడవపడతారు. ఇస్మాయిల్ భాయ్‌గా ధీర్ చరణ్ శ్రీవాస్తవ్, గొప్పలు కోసే సలీం ఫేకుగా మస్త్ అలీ. ముఠా అంటే కత్తులు, తుపాకులు ఊహించుకోవద్దు. వాళ్ల ఆయుధాలన్నీ నోట్లోనే ఉంటాయి. చేసే పనికన్నా చెప్పే కోతలు వందరెట్లు. పగ తీర్చుకుంటామని బయల్దేరడం, దారిలోనే ఏదో ఒక కంగాళీ జరగడం... ఇంతే కథ. ఈ సినిమా చూశాక హైదరాబాదీ సినిమాలు వరసకట్టాయి. ప్రతి వీధి అరుగు మీదా, ప్రతి ఇరానీ హోటల్లోనూ ఓ సలీం ఫేకు ఉంటాడని నగరంలో పెరిగినవాళ్లకు తెలుసు. తెరమీద చూసుకోవడమే కొత్త.

కొబ్బరిచిప్పల గుర్రాలు

ఎల్లలు దాటి వెళ్లాలనుకునేవాళ్లు ఇంగ్లండుతో మొదలెట్టొచ్చు. కొబ్బరికాయ కొట్టి షూటింగు మొదలుపెట్టడం మనకు తెలుసు. కొబ్బరిచిప్పలు కొడుతూ సినిమా మొత్తం నడిపించిన ఘనులు బ్రిటన్‌లోని మాంటీ పైథాన్ బృందం. సినిమా పేరు 'మాంటీ పైథాన్ అండ్ ద హోలీ గ్రెయిల్'. 1975 నాటిది. పెద్ద స్టూడియోలు ముందుకు రాకపోతే పింక్ ఫ్లాయిడ్, లెడ్ జెప్లిన్ లాంటి రాక్ బృందాలు తలా కొంత వేసుకున్నాయి. కథేమో ఆర్థర్ మహారాజు దండయాత్ర. గుర్రాలకేమో డబ్బుల్లేవు!

వాళ్లేం చేశారంటే... రాజుగారు గుర్రమెక్కినట్టు గెంతుతూ వస్తుంటే వెనకాల సేవకుడు రెండు కొబ్బరిచిప్పలు టకటకలాడిస్తుంటాడు. రేడియో నాటకాల్లో గుర్రపు డెక్కల చప్పుడుకు వాడే పాత చిట్కా ఇది. దాన్ని దాచకుండా తెరమీద పెట్టేశారు. కొబ్బరిచెట్టు లేని ఇంగ్లండులో ఈ చిప్పలెక్కడివని కోట కాపలావాళ్లు రాజునే నిలదీస్తారు. చర్చ పక్షుల బలం దాకా పోతుంది. లేమిని దాచుకోవడం మానేస్తే అదే హాస్యమవుతుందని ఈ ఒక్క సీను చెబుతుంది. 2005లో ఇది 'స్పామలాట్' పేరుతో న్యూయార్క్ బ్రాడ్‌వే వేదికెక్కి ఉత్తమ సంగీత నాటకంగా టోనీ అవార్డు కొట్టింది. కత్తియుద్ధాల్లో రక్తం ధారలు కడుతుంది, కొన్ని మోటు జోకులూ ఉన్నాయి. చిన్నపిల్లలతో కాకుండా చూస్తే మేలు.

ఊరినే కట్టి... ఇల్లు గుల్ల!

పిల్లాపాపలతో నిశ్చింతగా చూడగలిగింది ఫ్రెంచి సినిమా 'ప్లేటైమ్'. భాష రాదన్న బెంగ అక్కర్లేదు. అందులో మాటలు లెక్కకు రానంత తక్కువ. దర్శకుడు, నటుడు జాక్ తాతి దీనికోసం పారిస్ శివార్లలో గాజు భవనాలు, రోడ్లతో ఏకంగా ఓ నగరమే కట్టించారు. జనం దానికి 'తాతివిల్' అని పేరుపెట్టారు. తీయడానికి మూడేళ్లు పట్టింది. 1967లో విడుదలైంది. జనం రాలేదు. తాతి దివాలా తీశారు. అంతకుముందు తీసిన తన సినిమాల హక్కులు కూడా చెయ్యిజారాయి.

ఆ సినిమాలో ఓ హోటలు ప్రారంభోత్సవం ఉంటుంది. రంగులు ఆరకముందే గృహప్రవేశం పెట్టుకున్న ఇల్లు ఎలా ఉంటుందో అలా ఉంటుంది. లోపల వడ్రంగులు ఇంకా మేకులు కొడుతుంటే అతిథులు వచ్చేస్తారు. గాజు తలుపు భళ్లుమని పగులుతుంది. ద్వారపాలకుడు ఏం చేస్తాడు? మిగిలిన పిడిని గాల్లో పట్టుకుని, లేని తలుపును వినయంగా తీస్తూ మూస్తూ ఉంటాడు. వచ్చేవాళ్లు ఆ లేని తలుపులోంచే మర్యాదగా లోపలికి వెళతారు! తెరమీద ఒకేసారి నాలుగు మూలల్లో నాలుగు తమాషాలు జరుగుతుంటాయి. ఎటు చూడాలో కెమెరా చెప్పదు. అందుకే ఇంట్లో నలుగురు చూస్తే నలుగురికీ వేర్వేరు చోట్ల నవ్వొస్తుంది. 'అదిగో, అక్కడ చూడు' అని పెద్దవాళ్లకు చూపించేది తరచూ పిల్లలే. 2022లో 'సైట్ అండ్ సౌండ్' పత్రిక ప్రపంచవ్యాప్తంగా విమర్శకుల ఓట్లతో వేసిన మేటి చిత్రాల జాబితాలో దీనిది 23వ స్థానం. తాతి 1982లోనే చనిపోయారు.

మార్చండి బాబోయ్!

అమెరికా నుంచి రెండు. మొదటిది 1971 నాటి 'హెరాల్డ్ అండ్ మోడ్'. చావంటే సరదాపడే కుర్రాడికీ, 80వ పుట్టినరోజు దగ్గరపడ్డ బామ్మకూ మధ్య అనుబంధం. విడుదలైనప్పుడు ఛీకొట్టారు. కానీ మినియాపొలిస్ శివార్లలోని వెస్ట్‌గేట్ అనే హాల్లో రెండేళ్లకు పైగా ఆడింది. చుట్టుపక్కలవాళ్లకు విసుగెత్తి, సినిమా మార్చమని అట్టలు పట్టుకుని హాలు ముందు నిరసనకు దిగారు! కుర్రాడు ఆత్మహత్య చేసుకున్నట్టు నటించే సీన్లు చాలా ఉన్నాయి కాబట్టి పిల్లల ముందు, మనసు బాగాలేనివాళ్ల ముందు పెట్టకూడని సినిమా. సినిమా మొగ్గు మాత్రం బతుకు వైపే.

రెండోది కోయెన్ సోదరుల 'ద బిగ్ లెబోవ్‌స్కీ', 1998. ఒకే పేరున్న ఇద్దరిలో రౌడీలు పొరపాటున పేదవాడి ఇంటికొచ్చి తివాచీ పాడుచేస్తారు. నాకు కొత్త తివాచీ ఇప్పించమని అతను డబ్బున్న లెబోవ్‌స్కీ దగ్గరికి వెళతాడు. అక్కణ్నుంచి కిడ్నాపులు, మోసాలు... మనవాడికి మాత్రం తివాచీ, బౌలింగ్ ఆట తప్ప మరో చింత ఉండదు. మొదట్లో అంతంతమాత్రంగా ఆడిన దీనికోసం 2002 నుంచి అభిమానులు లూయీవిల్‌లో ఉత్సవమే మొదలెట్టారు. 2014లో అమెరికా జాతీయ చలనచిత్ర భాండాగారంలో చోటిచ్చారు. నోరు తెరిస్తే బూతులే. పెద్దవాళ్లకు మాత్రమే.

పోయేది రెండు గంటలే

ఇంత చెప్పాక ఓ నిజం ఒప్పుకోవాలి. ఫ్లాపైన ప్రతి కామెడీ ఆణిముత్యం కాదు. నూటికి తొంభై నిజంగానే బాగాలేక పోయినవే. తేడా పట్టుకోవడానికి ఓ గుర్తుంది. బాగాలేని కామెడీ రెండోసారి చూస్తే మరీ విసుగు. కల్ట్ కామెడీకి రెండోసారే అసలు నవ్వు. మొదటిసారి గమనించని మూలల్లోంచి ఏదో ఒకటి బయటపడుతూనే ఉంటుంది.

చూసేటప్పుడు కొన్ని చిన్న జాగ్రత్తలు చాలు. మొదటి అరగంట రిమోట్ దూరంగా పెట్టండి. ఫోన్లు పక్కగదిలో ఉంటే ఇంకా మంచిది. ఒంటరిగా చూడకండి. అలాగని పదిమందిని పోగెయ్యకండి. మీ తిక్కకు సరిపోయే తిక్కున్నవాళ్లు ఒకరో ఇద్దరో చాలు. 'చంటబ్బాయి'తో మొదలెట్టి 'జానే భీ దో యారో' మీదుగా 'ప్లేటైమ్' దాకా వెళ్లండి. అలవాటయ్యాక మిగతావి.

ఒకే ఇంట్లో నలుగురు నాలుగు ఫోన్లలో నాలుగు రీల్స్ చూసి విడివిడిగా నవ్వుకునే రోజులివి. ఆ నవ్వులు అరనిమిషంలో అయిపోతాయి. ఏం చూసి నవ్వామో సాయంత్రానికి గుర్తుండదు. కలిసి చూసిన ఓ తిక్క సినిమా అలా పోదు. ఏడాది తర్వాత కూరలో ఉప్పెక్కువైనప్పుడో, కరెంటు పోయినప్పుడో ఎవరో దాంట్లోని ఓ మాట విసురుతారు. ఇంట్లోవాళ్లంతా నవ్వుతారు. వచ్చిన చుట్టాలకు ఏమీ అర్థంకాదు!

నవ్వు రాకపోతే? రాకపోవచ్చు కూడా. జాక్ తాతికి ఆస్తి పోయింది. కుందన్ షాకు ఏళ్లు పోయాయి. చూసేవాళ్లకు పోయేది రెండు గంటలు. ఓ సాయంత్రం ఆమాత్రం సాహసం చెయ్యొచ్చు.